చెప్పినవాడి పేరు

లైను అన్న మాట వింటే నాకు ఇప్పటికీ పిక్కలు లాగుతాయి. బిట్రగుంట యార్డులో పదకొండేళ్లుగా నంబర్ టేకరుగా చేస్తున్నవాణ్ణి. అదేదో పెద్ద ఉద్యోగమని సముద్రం ఒడ్డున మా పాళెంలో అనుకుంటారు. గూడ్సు బండి వచ్చి నిలబడగానే దాని పక్కన కంకర మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి, ఒక్కో వ్యాగను నంబరూ అది పోయే ఊరూ పుస్తకంలో రాసుకోవడం, అంతే నా పని. రాసి తలెత్తేసరికి పక్క లైనులో ఇంకో బండి వచ్చి ఉంటుంది. రోజుకు ఎనిమిది మైళ్లు నడుస్తానని ఒకసారి లెక్క వేశాను. అంత నడిచీ సాయంత్రానికి బయలుదేరిన చోటే ఉంటాను. చెప్పులు మాత్రం మూణ్ణెల్లకు అరిగిపోతాయి.

అలాంటి నాకు, లోకంలో ఇన్ని మాటలుండగా ఆ ఒక్క మాట మీదే ప్రాణం పెట్టుకున్న మనిషి పక్క క్వార్టర్లో ఉండేవారు. ఆయన పేరు యెహోషువ మాస్టారు. రైల్వే బడిలో కాలనీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. నేనూ ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణే. వల లాగుతూ బతకాల్సిన పిల్లవాణ్ణి పట్టుకుని, అక్షరాలూ అంకెలూ కుదురుగా పడేదాకా చెవి మెలిపెట్టి, ఈ ఉద్యోగంలోకి తోసింది ఆయనే. యార్డులో మిట్టమధ్యాహ్నం నడిచేటప్పుడు ఆయన్ని రోజూ తలుచుకునేవాణ్ణి. ఏమని తలుచుకునేవాణ్ణో మాత్రం చెప్పను.

"డిక్షనరీలు రాసేదానికి పెద్దపెద్దోళ్లు ఉండారు కామాక్షయ్యా. నాబోటివాడు ఒక్క మాటను చివరికంటా చూస్తే చాలు" అనేవారు మాస్టారు.

"చూడండి సార్, ఎవరొద్దన్నారు. ఇంకో మాట దొరకలేదా? కాళ్లు నొప్పి పుట్టని మాట?"

"ఈ ఊళ్లో దీనికన్నా ఎక్కువ పలికే ఇంగ్లీషు మాట ఏదుందో నువ్వే చెప్పు."

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పట్టాలు లైను. మేముండే ఇళ్ల వరుస లైను. తంతి తీగ లైను. బండి పంపొచ్చని ముందు స్టేషనువాళ్లు ఒప్పుకుంటే లైన్ క్లియరు. నూనె దుకాణం ముందు నిలబడేది లైను, పిల్లలు నోటు పుస్తకంలో కొట్టేది లైను. ఇంజను డ్రైవరు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియనప్పుడు వాళ్లింటి ఆడవాళ్లు "లైను మీదికి పోయినాడు" అంటారు. రాముడు అడవికి పోయాడన్నట్టుగా అంటారు.

"వీటన్నిటికీ తల్లి ఒకటేనయ్యా, అవిసె నార" అని మాస్టారు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టేవారు. "అవిసె గింజలు కాసే మొక్క ఉంది చూడు, దాన్ని పాతకాలం రోము దేశంవాళ్లు లీనుం అన్నారు. దాని నార తీసి దారం పేనినారు. ఆ దారం బిగలాగి పట్టుకుని తాపీవాడు గోడ కట్టినాడు. తర్వాత దారం మరిచిపోయినారు, అది చూపించిన గీత మిగిలింది. గీత నుంచి వరుస వచ్చింది. వరుస నుంచి ఇదిగో, నీ పట్టాలు వచ్చినాయి. కోటు లోపల వేసే లైనింగు గూడా దీని బిడ్డే. ముందు నారబట్టే వేసేవాళ్లు గదా."

"మొత్తానికి అందరం తాడు పట్టుకుని వేలాడతా ఉండామంటారు" అన్నాను, చెప్పులు విడిచి పాదం నొక్కుకుంటూ.

"ఇది బాగుంది. నీ పేరుతో రాసుకోనా?"

"వద్దు సార్. నా నోట దాని గురించి మంచి మాట రాదు. నన్ను వదిలేయండి."

అదీ ఆయన పద్ధతి. ఎవరు ఆ మాట ఎలా వాడినా ఒక అట్ట ముక్క మీద రాసుకునేవారు. కింద చెప్పినవాడి పేరూ, పనీ, ఊరూ వేసేవారు. "పేరు లేకపోతే అది గాలి మాట" అనేవారు. పాయింట్స్‌మన్‌గా పట్టాలు మార్చే మునెయ్య పేరు ఉంది, తాపీ పని చేసే పోలేరయ్య పేరు ఉంది. బస్సెక్కి గొడుగు వేసుకుని మా పాళెం పోయి, మా నాయన నరసయ్యను గాలపు తాడు గురించి సాయంత్రం దాకా కూర్చోబెట్టి అడిగారు. నేను పోలేదు, ఆ రోజు డ్యూటీ. మరుసటి ఏడు మా నాయన పోయాడు. ఏళ్ల తరబడి ఇలా పోగేస్తే రెండు వందల ముప్పై ఆరు అట్టలైనాయి. అందులో నాది ఒక్కటీ లేదు. "అందరూ చెప్పినారు, నువ్వు తప్ప" అని మాస్టారు అప్పుడప్పుడూ దెప్పేవారు.

ఆ అట్టలు ఇచ్చింది నేనే. అవి వ్యాగన్ లేబుళ్లు. వ్యాగనుకు రెండు పక్కలా ఇనుప క్లిప్పు ఉంటుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం సరుకు అని రాసిన అట్టను అందులో పెడితేనే ఆ వ్యాగను ఎటు పోవాలో తెలిసేది. రైళ్లు ప్రభుత్వం చేతికి వచ్చాక పాత కంపెనీ పేరున్న లేబుళ్లు పనికిరావని పక్కన పడేశారు. రెండు పెట్టెల నిండా తెచ్చి మాస్టారికి ఇచ్చాను. అచ్చు ఉన్న వైపు వదిలేసి, వెనక ఖాళీగా ఉన్న వైపు ఆయన రాసుకునేవారు. వెలుతురు తగిలితే సిరా వెలిసిపోతుందని, రాసిన వైపు కిందికి వచ్చేట్టు బోర్లా పేర్చేవారు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవి వచ్చేసరికి మాస్టారి చూపు సన్నగిల్లింది. నీటికాసులన్నారు. శుక్లమైతే కోసి తీస్తారట, ఇది అలాంటిది కాదట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. ఆయన నెల్లూరులో ఒక లావుపాటి అట్ట పుస్తకం కొనుక్కొచ్చారు. సెలవుల్లో అట్టల మీద ఉన్నదంతా అందులోకి ఎత్తి రాయాలి.

"ఎత్తి రాసి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నా కళ్లతో నేను చదువుకోవాల. అచ్చు వేయకపోయినా పర్వాలా, ఎవరూ చూడకపోయినా పర్వాలా. ఒక్కసారి చదువుకుంటే చాలు" అన్నారు. ఆయన నోట ఇది కావాలి అన్న మాట నేను విన్నది అదొక్కసారే.

మే నెల మొదట్లో ఆయన్ని మళ్లీ డాక్టరుకు చూపించడానికి భార్య ఎలిశబెతమ్మ నెల్లూరు తీసుకుపోయింది. నాలుగు రోజులు అక్కడే ఉండాలన్నారు. ఇంటి తాళంచెవి నా భార్య నాగులమ్మకు ఇచ్చి పోయారు.

సరిగ్గా అప్పుడే యార్డులో లేబుళ్లు నిండుకున్నాయి. కొత్తవి కావాలని పంపిన ఇండెంటు దారిలో ఎక్కడో పడుకుంది. లేబులు లేని వ్యాగను కదలకూడదు, బళ్లు మాత్రం వచ్చి మీద పడుతున్నాయి. నాతో పనిచేసేవాడు జ్వరమని రాలేదు. రెండో రోజూ రెండు డ్యూటీలు నేనే చేశాను. కాళ్లు నావి కావు. అప్పుడు మాస్టారింట్లో మిగిలి ఉన్న ఖాళీ లేబుళ్లు గుర్తొచ్చాయి. పాత కంపెనీ పేరు కొట్టేసి వాడుకోమని పై అధికారి ఒప్పుకున్నాడు.

నాగులమ్మ దగ్గర తాళం తీసుకుని పోయాను. బల్ల కింద పెట్టె ఉంది. మూత తీస్తే పైన అచ్చు వైపు కనిపించింది, కింద రెండు మూడు ఎత్తి చూస్తే అక్కడా అచ్చే. భుజాన పెట్టుకుని వచ్చేశాను. తిప్పి చూడలేదు. బుద్ధి లేదనండి, ఓపిక లేదనండి, రెండూ నిజమే. ఆఫీసులో కూర్చుని నీలం పెన్సిలుతో పాత పేరు కొట్టేసి, ఊళ్ల పేర్లు రాసి కట్టలు కట్టి ఇచ్చాను. మునెయ్యా, అతనితో పనిచేసే చిన్నపోలయ్యా వాటిని తీసుకుపోయి క్లిప్పుల్లో దోపారు. బళ్లు కదిలాయి. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం కూడా తినకుండా పడుకున్నాను. ఒక మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మునెయ్య బీడీ ముట్టించుకుంటూ అన్నాడు.

"ఏందన్నా, ఈ తూరి లేబుళ్ల ఎనక గూడా రాసిపెట్టినావు. అంత ఓపిక యాడిది నీకు?"

"ఎనక రాయడమేందిరా?"

"సన్నంగా, నీలం సిరాతో. అన్నిటి మీదా ఉంది గదా."

"చూసి గూడా దోపినావా?"

"ఆఫీసు రాతేమో అనుకుంటి. చదవను నాకొస్తే ఈ లాంతర్లు తుడిచే పని నాకెందుకన్నా?"

వాణ్ణి ఏమని తిట్టను? చదవడం వచ్చినవాణ్ణి నేనే తిప్పి చూడలేదు. నాలుగో లైనులో ఆఖరి బండి ఇంకా నిలబడి ఉంది. పరుగెత్తాను. క్లిప్పుల్లోంచి లేబుళ్లు పీకి జేబులో కుక్కుకుంటూ, ఊరి పేరు సుద్దముక్కతో వ్యాగను మీద రాస్తూ పోయాను. అది తప్పు, తెలిస్తే ఉద్యోగం ఊడేది. గార్డు పచ్చజెండా చూపించాడు, బండి కదిలింది. పక్కనే కొంత దూరం పరుగెత్తాను, తర్వాత కంకర మీద కూలబడ్డాను. జేబులో లెక్క చూస్తే ఇరవై రెండు ఉన్నాయి.

ఆ రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. మాస్టారు రాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. ఎంత నీచమైన ఆలోచనో నాకు తెలుసు. మాస్టారు పాసింజరు బండి దిగి, ఎలిశబెతమ్మ చెయ్యి పట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. ఇంట్లోకి పోకముందే ఎదురుపోయి చెప్పేశాను. లోపలికి పోయి ఆయనే పెట్టె వెతుక్కుంటుంటే చూసే ధైర్యం నాకు లేదు.

విన్నారు. తర్వాత "ఎన్ని పోయినాయి?" అన్నారు.

"రెండు వందల పద్నాలుగు సార్."

"ఏ ఊళ్లకు?"

అది నా పుస్తకంలో ఉంది. ప్రతి నంబరూ, అది పోయిన ఊరూ రాయడమే కదా నా బతుకు. తెచ్చి చదివాను. గూడూరు, అరక్కోణం, ఒంగోలు, బెజవాడ, రాజమండ్రి, వాల్తేరు. అన్నీ అయ్యేదాకా నిలబడి విన్నారు.

"నేను రాజమండ్రి ఎప్పుడూ చూడలా. చూడు ఎలిశబెతూ, ఎంత దూరం పోయినాయో" అన్నారు. తర్వాత లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

తిట్టినా బాగుండేది. చెవి మెలిపెట్టినా బాగుండేది. ఎలిశబెతమ్మ గుమ్మం దగ్గర నా వైపు చూసి, "ఆయన అడిగింది అదొక్కటే కామాక్షయ్యా. ఒక్కసారి చదువుకుంటానన్నారు" అంది. నేను అరుగు మీదే కూర్చుండిపోయాను.

నలభై ఉత్తరాలు రాశాను. ప్రతి స్టేషనుకూ, తెలిసిన ప్రతి గుమాస్తాకూ రాశాను. గార్డుల చేతికిచ్చి బతిమాలుకున్నాను. సరుకు దింపగానే లేబులు పీకి పారేస్తారు, అది అందరికీ తెలిసిందే. కొందరు జవాబే రాయలేదు. ఒకాయన, అన్నా, నీకేమన్నా పిచ్చా అని రాశాడు. గూడూరు గుమాస్తా చెత్తబుట్ట వెతికించి పంపాడు, దేవుడు అతన్ని చల్లగా చూడాలి. మొత్తం మీద పదకొండు తిరిగొచ్చాయి.

జూన్‌లో మాస్టారు లేచి కూర్చున్నారు. తలలో ఉన్నవి చెబుతుంటే ఎలిశబెతమ్మ ఆ లావుపాటి పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. గుండ్రటి రాత ఆమెది. ఆశ్చర్యం ఏమిటంటే ఆయనకు ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు ఏం చేస్తున్నారో కూడా గుర్తుంది. మా నాయన చెప్పిందంతా అక్షరం పొల్లు పోకుండా చెప్పారు. నూలు తాడును తంగేడు చెక్క కషాయంలో నానబెడితే ఉప్పునీళ్లకు ఆగుతుందని, దాన్ని కొత్త పెళ్లికూతురి జడలాగా చూసుకోవాలని మా నాయన అన్నాడట. నాతో ఎప్పుడూ అనలేదు.

సెప్టెంబరు చివరికి ఆ జ్ఞాపకాలూ అయిపోయాయి. చేతికి దొరికినవి ముప్పై మూడు, గుర్తున్నవి నూట నలభై. "నా తలలో ఉండేవి ఇంతేనయ్యా" అన్నారు. చూపు కూడా దాదాపు అప్పుడే పూర్తిగా పోయింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేవారు. నా చెప్పుల చప్పుడు దూరం నుంచే పట్టేసేవారు.

"కామాక్షయ్యా, ఏమన్నా వచ్చినాయా?"

"లేదు సార్."

"పోనీలే. బళ్లు తిరిగి రావాల గదా."

ఈ రెండు మాటలూ ప్రతిరోజూ. ఎనిమిది మైళ్ల నడక కన్నా ఆ అరుగు మూడు మెట్లు ఎక్కడమే నాకు బరువుగా ఉండేది. ఒక నెల ఓర్చుకున్నాను. ఒకరోజు వానలో తడిసి, విసుగుపుట్టి, ఇంక లేదు అనడానికి నోరు రాక, "ఒకటి వచ్చింది సార్" అనేశాను.

ఆయన ముఖం చూడాలి. జేబులోంచి ఖాళీ లేబులు ఒకటి తీసి, అందులో చూసి చదివినట్టే చదివాను. "లైను: పడవలో కూర్చుని బొటనవేలికి చుట్టుకునే తాడు. చేప పట్టిందీ లేనిదీ వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు."

మాస్టారు తన బొటనవేలు నిమురుకున్నారు. "ఎవరు చెప్పినారు?"

"పేరు ఉన్నచోట వానకు తడిసి చెరిగిపోయింది సార్."

"ఏ ఊరి నుంచి వచ్చింది?"

"అరక్కోణం."

"సరే. రాసుకో ఎలిశబెతూ."

ఎలిశబెతమ్మ నా చేతిలో ఉన్న ఖాళీ అట్టను చూసింది, నన్ను చూసింది. ఏమీ అనకుండా రాసుకుంది. ఈమె నా పక్షమేలే, ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఊరుకుంది అనుకున్నాను.

ఒక అబద్ధం ఆడినవాడికి రెండోదానికి కష్టమేముంది? వారానికి ఒకటి, పది రోజులకు ఒకటి తిరిగొచ్చేది. ఒకటి వాల్తేరు నుంచి, ఒకటి ఒంగోలు నుంచి. మా అమ్మ చేపలు ఎండేసిన తాడు. అలలు వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే నురగ గీత. తుపాను నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తుగా మా గుడిసె గోడ మీద మా నాయన గీసిన బొగ్గు చార. యార్డులో నడిచేటప్పుడు ఏదో ఒకటి తట్టేది. పేరు మాత్రం ఎప్పుడూ వానకు తడిసిపోయేది.

"నంబర్లు రాయాలంటే ఒళ్లు నొప్పులంటావు. ఈ దొంగరాతలకు నొప్పులుండవా నీకు?" అనేది నాగులమ్మ.

"నోరు మూసుకుని అన్నం పెట్టు" అనేవాణ్ణి. ఆమె అన్నది తప్పని కాదు.

అరవై ఒకటి ఏప్రిల్‌లో మాస్టారు రిటైరయ్యారు. చూపు లేకపోయినా నోటి పాఠాలు చెబుతూ అన్నాళ్లూ నెట్టుకొచ్చారు. క్వార్టరు ఖాళీ చేసి గూడూరు అవతల కోట దగ్గర ఎలిశబెతమ్మ వాళ్ల ఊరికి పోతున్నారు. పోయే ముందు ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చాక నన్ను పిలిపించారు. సామాను మూటలు కట్టి ఉంది. మధ్యలో ఆ లావుపాటి పుస్తకం ఒక్కటే బయట ఉంది.

"నా కళ్లతో చదువుకుంటానన్నా. అది జరగలా. నువ్వు చదివిపెట్టు, మొదటి నుంచి చివరిదాకా. పేర్లు గూడా చదవాల" అన్నారు.

చదవడం మొదలుపెట్టాను. మొదటి పుటలో అవిసె నార. ఆ తర్వాత దారం, తాపీవాడి తాడు, పోలేరయ్య పేరు. లైన్ క్లియరు, మునెయ్య పేరు. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, పెదవులు కదుపుతూ వింటున్నారు. మా నాయన పేరు వచ్చినప్పుడు ఆయన చెయ్యెత్తి ఆగు అన్నారు, మళ్లీ సాగమన్నారు. గంటన్నర పట్టింది నూట డెబ్బై మూడు దాకా రావడానికి.

నూట డెబ్బై నాలుగు. పడవలో బొటనవేలికి చుట్టుకునే తాడు. చదివాను. కింద ఎలిశబెతమ్మ గుండ్రటి రాతలో ఉంది: చెప్పినవాడు కామాక్షయ్య, నంబర్ టేకర్, బిట్రగుంట.

పేరు దగ్గర ఆగిపోయాను.

"చదువు. పేరు గూడా చదవాలన్నా గదా" అన్నారు మాస్టారు.

చదివాను. నూట డెబ్బై అయిదు, చేపలు ఎండేసిన తాడు. కింద మళ్లీ నా పేరు, నా పని, నా ఊరు. పుట తిప్పాను, అక్కడా నేనే. మొదటిది రాసిన రోజు నుంచీ అదే సిరా, అదే రాత. తర్వాత కలిపింది కాదు. కళ్లు మసకేసి అక్షరాలు ఆనలేదు.

"మీకు ముందే తెలుసు" అన్నాను.

"బెజవాడ నుంచి వచ్చినా, వాల్తేరు నుంచి వచ్చినా అన్నిట్లో సముద్రం వాసనే. అదొక్కటే కాదు. ఆ వాన ఎంత తెలివైందయ్యా, పేరు ఒక్కటే తడిపి పోతుంది." నవ్వారు. "నేను రాసుకున్న మాట నాకు తెలీదా? అవి నావి కావు. నీవి."

"అబద్ధం చెప్పినాను సార్ మీకు. యాభై ఒక్కసార్లు."

"ఊరి పేరు అబద్ధం చెప్పినావు, అది నేను రాయించలా. మాట నువ్వు చెప్పినావు, నీ పేరుతో రాయించినా. నా పుస్తకంలో అబద్ధం యాడుంది? మీ నాయన చెప్పకుండా వదిలేసినవన్నీ నువ్వు చెప్పినావు. ఎన్నేళ్లు అడిగినా చెప్పనివాడివి."

ఎలిశబెతమ్మ వైపు చూశాను. ఆమె తల వంచుకుని మూట ముడి బిగిస్తోంది. నేను ఏడ్చాను. ముప్పై దాటిన మగవాణ్ణి, సిగ్గు లేకుండా ఏడ్చాను. తర్వాత ముఖం తుడుచుకుని మిగిలినవీ చదివాను, ఒక్కొక్కదాని కిందా నా పేరు నా నోటితో చదువుకుంటూ. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. రెండు వందల ఇరవై నాలుగు. పన్నెండు తక్కువ.

"అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది సార్. ఆఖరి పుటలో కొంచెం చోటు మిగిలింది."

"ఏమన్నా వచ్చినాయా?" అలవాటుగా అడిగారు.

"ఏమీ రాలేదు సార్. ఇంక రావు గూడా." ఏడాదిన్నరగా ఆయన దగ్గర దాచిన నిజం అదే. "ఒకటి మాత్రం నేను చెప్తా. రాసుకోండమ్మా."

ఎలిశబెతమ్మ మూట వదిలేసి కలం అందుకుంది.

"లైను అంటే, రోజుకు ఎనిమిది మైళ్లు నడిచినా మనిషిని బయలుదేరిన చోటే ఉంచేది. దాని చివర ఒక అరుగు ఉండేది. అరుగు మీద ఒకాయన చెప్పుల చప్పుడు విని, ఏమన్నా వచ్చినాయా అని అడిగేవాడు. రేపటి నుంచి అడగడు."

కలం చప్పుడు ఆగింది. మాస్టారు తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎవరు చెప్పినారు?" అని అడిగారు.

నా పేరు చెప్పాను.